ముసలితనంలో రాచపుండు: ఒంట్లోని కావలి ఎందుకు సడలుతుంది?

పాల ఉత్పత్తిదారుల సంఘాల సమావేశాలలో పశువుల జబ్బుల గురించి మాట్లాడుకునేటప్పుడు మాట మనుషుల జబ్బుల మీదికి మళ్ళడం మామూలే. అటువంటప్పుడు సభ్యులు అడిగే ప్రశ్నలలో ఒకటి పదే పదే వస్తున్నది. "మా మామ్మ చిన్నప్పటి నుండి చుట్ట కాల్చింది. నలభై ఏళ్ళ పాటు ఏమీ కాలేదు. అరవై దాటిన తరువాత అంగిట్లో పుండు లేచింది. పొగే కారణమైతే ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నది?" అని.

ప్రశ్న చిన్నదే గాని జవాబు చిన్నది కాదు. సగం జవాబు పొగలో వున్నది, మిగిలిన సగం ముసలితనంలో వున్నది. మొదటి సగం మనవాళ్ళకు కొంత తెలిసినదే. రెండవ సగం శాస్త్రజ్ఞులకే గత కొద్ది దశాబ్దాలలో వివరంగా తెలిసివచ్చింది. పాల సంఘంలో పనిచేసేవారికి అది అర్థం కావడం కష్టమేమీ కాదని మా నమ్మకం. ఎందుకో ముందుకు పోయిన కొద్దీ తెలుస్తుంది.

అడ్డపొగ

చుట్టను వెలిగించి, నిప్పు వున్న కొనను నోటిలోపల పెట్టుకుని పీల్చడాన్ని మన తీరప్రాంతంలో అడ్డపొగ అంటారు. విశాఖపట్నం చుట్టుపట్ల పల్లెలలోను, శ్రీకాకుళం వైపున, సముద్రపు ఒడ్డు వూళ్ళలోను పెద్ద వయస్సు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎక్కువ. ఇది ఎందుకు వచ్చిందో తలా ఒక మాట చెబుతారు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా అని కొందరు, బూడిద పిల్లల మీద, వంట మీద రాలకుండా అని కొందరు, చుట్ట ఎక్కువసేపు వస్తుందని కొందరు. తెల్లవారుజామున పాల కేంద్రానికి కేనుతో వచ్చే పెద్దమ్మ నోరు మూసుకుని వుంటే ఆమెకు మాట్లాడడం ఇష్టం లేదనుకోనక్కరలేదు. లోపల చుట్ట వుండవచ్చును. ఈ తరం ఆడపిల్లలలో ఈ అలవాటు బాగా తగ్గింది. అయితే మన సంఘాలలో పాలు పోసే ఆడవారిలో పెద్దవాళ్ళు చాలామంది వున్నారు గనుక ఇది గడిచిపోయిన కథ కాదు.

నోటి కాన్సరు మన దేశంలో సాధారణంగా బుగ్గకో, నాలుకకో వస్తుంది. గట్టి అంగిలికి రావడం ప్రపంచంలో చాలా అరుదు. మన ప్రాంతంలో మాత్రం అది అరుదు కాదు. బొంబాయిలో పనిచేసిన డాక్టర్ ఖనోల్కర్, డాక్టర్ సూర్యాబాయి 1945లో, అలవాట్లను బట్టి మన దేశంలో వచ్చే కాన్సర్ల గురించి వ్రాస్తూ చుట్ట వల్ల వచ్చే కాన్సరును ప్రత్యేకంగా పేర్కొన్నారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన సహచరులు అడ్డపొగకు, అంగిలి కాన్సరుకు గల సంబంధాన్ని పరిశీలించి 1974లో అమెరికాలోని జాతీయ కాన్సరు సంస్థ పత్రికలో ప్రకటించారు. అంతకు ముందే డెన్మార్కు దేశపు ప్రొఫెసర్ పిండ్‌బోర్గ్, మన డాక్టర్ ఫాలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్ళను పరీక్షించి ఆ ఫలితాలను 1971లో ప్రచురించారు. పరీక్షించిన వారిలో నూటికి 43.8 మంది అడ్డపొగ పీల్చేవారే.

పొగాకులోని విషానికి నిప్పు వేడి కూడా తోడైతే అంగిలి మీది పొర రోజూ కాలుతూ, రోజూ మానుతూ వుంటుంది. మానడమంటే కొత్త కణాలు పుట్టడం. ఒక కణం రెండు కావాలంటే దానిలోని జన్యు పదార్థమంతా నకలు తీయబడాలి. నకలు వ్రాసేటప్పుడు తప్పులు దొర్లుతాయి. పొగలోని రసాయనాలు ఆ తప్పులను ఎన్నో రెట్లు పెంచుతాయి. ఒక్క తప్పుతో కాన్సరు రాదు. కొన్ని కీలకమైన తప్పులు ఒకే కణం వంశంలో ఒకదాని మీద ఒకటి పడాలి. దానికి ఏళ్ళు, ఒక్కొక్కప్పుడు దశాబ్దాలు పడుతుంది. నలభై ఏళ్ళు ఏమీ కాలేదనుకున్న మామ్మ నోటిలో నిజానికి ఆ నలభై ఏళ్ళు లెక్క పేరుకుంటూనే వున్నది.

ఇంతవరకు పొగ సంగతి. ఇక రెండవ సగానికి వద్దాము.

ఒంటిలోని పరీక్షకులు

పాల కేంద్రంలో ఏమి జరుగుతుందో మనకందరికీ తెలుసు. ప్రతి సభ్యుడూ తన పాలు పోసే ముందు శాంపిలు ఇస్తాడు. పరీక్షకుడు లాక్టోమీటరు వేస్తాడు, వెన్న శాతం చూస్తాడు. తేడా వుంటే పాలు తిప్పి పంపుతాడు. మన ఒంటిలో కూడా సరిగ్గా ఇటువంటి ఏర్పాటు వున్నదంటే నమ్మాలి. మనిషి ఒంటిలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయి. ఎర్ర రక్తకణాలను మినహాయిస్తే దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న మాంసకృత్తుల చిన్న చిన్న ముక్కలను తన పైపొర మీదికి తెచ్చి ప్రదర్శిస్తూ వుంటుంది. అదే దాని శాంపిలు. టి-కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలు ఒళ్ళంతా తిరుగుతూ ఈ శాంపిళ్ళను తాకి చూస్తూ వుంటాయి. అంతా మామూలుగా వుంటే ముందుకు పోతాయి. కణంలో వైరసు దూరినా, జన్యువులలో తప్పులు పడి వింత మాంసకృత్తి తయారవుతున్నా ఆ ముక్క బయటికి కనిపిస్తుంది. దానిని గుర్తుపట్టగల టి-కణం ఎదురైతే ఆ కణాన్ని అక్కడికక్కడే చంపివేస్తుంది.

కాన్సరు కణాలు తెలివితక్కువవి కావు. వాటిలో కొన్ని శాంపిలు చూపించడమే మానుకుంటాయి. అటువంటి వాటి కోసం మరొక జట్టు వున్నది. వాటిని సహజ సంహారక కణాలంటారు. శాంపిలు ఇవ్వని వాడే దొంగ అన్నది వాటి సూత్రం. మరికొన్ని కాన్సరు కణాలు పైపొర మీద ఒక గుర్తు తగిలించుకుంటాయి. అది పరీక్షకుడి చేయి పట్టుకుని "ఇక్కడ నీకు పని లేదు, పో" అన్నట్లు పని చేస్తుంది. ఈ సంగతి తరువాత మళ్ళీ వస్తుంది.

ఈ పరీక్షకులు నిజంగా కాన్సరును ఆపుతున్నారనడానికి రుజువేమిటి? మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారిని చూడండి. పరాయి మూత్రపిండాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా వుండడానికి వారికి జీవితాంతం రోగ నిరోధక శక్తిని అణచే మందులు ఇస్తారు. అటువంటి వారిలో కొన్ని కాన్సర్లు, ముఖ్యంగా చర్మానికి, పెదవికి, లింఫు గ్రంథులకు వచ్చేవి, ఇతరులలో కంటె చాలా రెట్లు ఎక్కువగా వస్తాయి. అన్ని కాన్సర్లూ అలా పెరగవు. రొమ్ము కాన్సరు పెద్దగా పెరగదు. కనుక కావలి వల్ల ఆగేవి కొన్ని, కావలితో పెద్దగా నిమిత్తం లేనివి కొన్ని అని గ్రహించాలి.

దూడ మెడలోని బడి

ఈ టి-కణాలు ఎక్కడ శిక్షణ పొందుతాయి? రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైగా థైమస్ అనే గ్రంథి వున్నది. లేగదూడలో ఈ గ్రంథి పెద్దది. గుండె దగ్గరి నుండి మెడకు రెండు వైపులా పైదాకా వ్యాపించి వుంటుంది. ముసలి ఆవులో అదే చోట వెదికితే కొవ్వు తప్ప పెద్దగా ఏమీ దొరకదు. మనిషిలోనూ అంతే. పసిబిడ్డలో ఒంటి సైజును బట్టి చూస్తే పెద్దదిగా వుంటుంది, ఈడు వచ్చిన తరువాత కుదించుకుపోవడం మొదలవుతుంది. వయస్సు గడిచే కొద్దీ దాని స్థానంలో కొవ్వు చేరుతుంది.

వయస్సుతో పాటు ఎండిపోయే అవయవం గనుక దీనివల్ల ప్రయోజనమేమీ లేదని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. 1961లో లండనులో పనిచేస్తున్న జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు పుట్టిన వెంటనే ఎలుక పిల్లల థైమస్‌ను తీసివేసి చూశాడు. అవి జబ్బులతో శుష్కించి చనిపోయాయి. వాటిమీద పరాయి ఎలుక చర్మం అతికించినా ఒళ్ళు తిప్పికొట్టలేకపోయింది. అప్పుడు తెలిసింది ఇది పరీక్షకుల బడి అని.

ఈ బడిలో పరీక్ష చాలా కఠినం. చేరిన నూరు కణాలలో అయిదుకు మించి ఉత్తీర్ణులు కావు. శాంపిలు గుర్తుపట్టలేని వాటిని, సొంత ఒంటినే శత్రువనుకునే వాటిని అక్కడే ఏరివేస్తారు. గట్టెక్కినవి ఒక్కొక్కటి ఒక్కొక్క రకం వింత ముక్కను గుర్తుపట్టే నేర్పుతో బయటికి వస్తాయి. ఎన్ని రకాల కొత్త పరీక్షకులు వస్తూ వుంటే అన్ని రకాల కొత్త దొంగలను పట్టవచ్చును.

అరవై ఏళ్ళ మనిషిలో ఈ బడి దాదాపు మూతపడి వుంటుంది. స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2018లో ఒక లెక్క ప్రకటించారు. మనిషిలో కొత్త టి-కణాల తయారీ సుమారు 16 ఏళ్ళకొకసారి సగానికి పడిపోతున్నదట. ఆ లెక్క ప్రకారం ఇరవై ఏళ్ళ వాడికి నూరు తయారయ్యే చోట, ముప్ఫయి ఆరు ఏళ్ళకు ఏభై, ఏభై రెండుకు ఇరవై అయిదు, అరవై ఎనిమిదికి పన్నెండు. వయస్సుతో పాటు కాన్సర్లు పెరిగే తీరును ఈ లెక్కతో పోల్చి చూస్తే చాలా కాన్సర్ల విషయంలో రెండూ దగ్గరగా సరిపోయాయి. జన్యువులలో తప్పులు పేరుకోవడం ఒక్కటే కారణం కాదు, కావలి సడలడం కూడా అంత పెద్ద కారణం కావచ్చునని వారి వాదన. అందరూ దీనికి ఒప్పుకోలేదు. మా మట్టుకు మాకు రెండు కారణాలూ కలిసి పనిచేస్తాయనడమే సబబుగా తోస్తున్నది. పాలలో నీళ్ళు కలిపేవాడు పెరగడం, పరీక్షకులు తగ్గడం రెండూ ఒకేసారి జరిగితే ఏ సంఘమైనా ఏమవుతుందో ఆలోచించండి.

ఇంకొక అనుభవం బోస్టను నుండి వచ్చింది. గుండె ఆపరేషను చేసేటప్పుడు దారికి అడ్డుగా వుంటుందని, పెద్దవాళ్ళకు పనికిరానిదేనని థైమస్‌ను తీసివేయడం కొన్నిచోట్ల ఆనవాయితీ. అలా తీసివేయబడిన పెద్దవారిని, అదే రకం ఆపరేషను జరిగినా థైమస్ మిగిలినవారితో పోల్చి 2023లో ప్రకటించారు. అయిదేళ్ళలో థైమస్ పోయినవారిలో నూటికి 7.4 మందికి కాన్సరు వస్తే, వున్నవారిలో 3.7 మందికే వచ్చింది. అంటే పెద్దవాళ్ళలో కొవ్వుపట్టి మిగిలిన ఆ కాస్త థైమస్ కూడా ఊరికే వుండలేదన్న మాట.

మిగిలిన పరీక్షకుల పరిస్థితి

ముసలివారిలో టి-కణాలే వుండవని కాదు. సంఖ్య అంతగా తగ్గదు. అయితే వాటిలో అధికభాగం పాతవి. చిన్నప్పటి నుండి వచ్చిన జబ్బులను గుర్తుపెట్టుకున్నవి. మనలో చాలామందికి తెలియకుండానే ఒంటిలో జీవితాంతం దాగివుండే కొన్ని వైరసులున్నాయి. వాటిని అదుపులో పెట్టడానికే లక్షలాది టి-కణాలు కేటాయింపై పోతాయి. రిజిస్టరు నిండా పాత పేర్లే వుంటే కొత్త పేరు వ్రాయడానికి చోటు లేనట్లు అవుతుంది. పాత దొంగ వస్తే ముసలి కావలివాడు గుర్తుపడతాడు. కాన్సరు కణం మాత్రం ఎప్పుడూ కొత్త దొంగే.

సహజ సంహారక కణాలు వయస్సుతో తగ్గవు, కొంత పెరుగుతాయి కూడా. కాని ఒక్కొక్కదాని సత్తువ తగ్గుతుంది. శాంపిళ్ళను పుండు దగ్గరి నుండి లింఫు గ్రంథులకు మోసుకుపోయి "ఇది చూడండి" అని చూపించే మరొక రకం కణాలు నెమ్మదిస్తాయి. మరోవైపున, దాడిని ఆపమని చెప్పే కణాల పాలు పెరుగుతుంది. సొంత ఒంటి మీద దాడి జరగకుండా చూసే ఈ అదుపు కణాలను గురించి కనుగొన్నందుకు జపాను శాస్త్రజ్ఞుడు సకగుచికి, అమెరికాకు చెందిన బ్రంకో, రామ్‌స్‌డెల్‌లకు 2025లో నోబెలు బహుమతి వచ్చింది. ఇవి వుండవలసినవే. లేకపోతే ఒళ్ళు తనను తానే తినేస్తుంది. ఎక్కువైతే మాత్రం కాన్సరుకు కొమ్ముకాస్తాయి.

ఇవికాక ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్‌చెస్కి 2000లో చెప్పిన సంగతి ఒకటి వున్నది. ముసలివారి ఒంటిలో ఏ పుండూ, ఏ జ్వరమూ లేకపోయినా నివురు కప్పిన నిప్పులాగ చిన్న వాపు, మంట ఎల్లప్పుడూ రగులుతూ వుంటుంది. దెబ్బ తగిలినప్పుడు వాపు వచ్చి తగ్గడం మంచిదే. ఎన్నటికీ తగ్గని వాపు చుట్టూ వున్న కణాలను పెరగమని ప్రేరేపిస్తుంది. కాన్సరు కణానికి కావలసింది కూడా అదే. అడ్డపొగ పీల్చే అంగిలికి ముసలితనపు నిప్పుకు తోడు అసలు నిప్పు కూడా వున్నది.

ఇదంతా చదివి, ముసలివారందరికీ కాన్సరు వచ్చి తీరుతుందని భయపడవద్దు. రాదు. తొంభై దాటినవారిలో కాన్సరు వచ్చే రేటు ఇంకా పెరగకపోగా కాస్త తగ్గుతున్నట్లు కూడా చాలా దేశాల లెక్కలు చూపుతున్నాయి. ఒకే వయస్సు వారిలో కూడా కావలి బలం ఒకరికి ఒక రకంగా వుంటుంది.

పశువులలో

ఇది మనుషులకే పరిమితమైన సంగతి కాదు. కొమ్ము కాన్సరును మన సభ్యులలో పెద్దవారు చూసే వుంటారు. తల ఒక పక్కకు వాల్చడం, కొమ్మును చెట్టుకు రాయడం, ముక్కులో నుండి నెత్తురు కారడం, చివరికి కొమ్ము వంగి వ్రేలాడడం. మన దేశపు పశువులలో, ముఖ్యంగా ఎద్దులలో ఇది ఎక్కువ. పెయ్యలకు, కోడెదూడలకు రాదు. అయిదు నుండి పదేళ్ళ వయస్సు పశువులకు వస్తుంది. కొమ్మును మొదలంటా తీసివేయడంతో పాటు, అదే పుండు నుండి తీసిన పదార్థంతో టీకావంటిది తయారు చేసి పశువుకు తిరిగి ఎక్కించే ప్రయత్నాలు మన పశువైద్యులు చేశారు. ఒంటి కావలిని మేలుకొలిపి కాన్సరు మీదికి పంపాలనే ఆలోచనే అది. కాన్సరు వైద్యంలో ఈనాడు ప్రపంచమంతా చెప్పుకుంటున్నది అదే ఆలోచనను.

బ్రూసెల్లోసిస్ టీకాను పెయ్యదూడలకు నాలుగు నుండి ఎనిమిది నెలల వయస్సులోనే వేయించమని మన పశువైద్యులు పట్టుబడతారు.

ముసలివారికి వైద్యం ఎందుకు అనేవారికి

మన ఇళ్ళలో తరచుగా వినబడే మాట ఇది. "డెబ్బయ్యేళ్ళు వచ్చాయి, ఇప్పుడు కత్తి పెట్టించడం ఎందుకు, వున్నన్నాళ్ళు వుంటుంది." ప్రేమతో అన్నా, ఖర్చుకు జంకి అన్నా ఈ మాటతో మేము ఏకీభవించము. అంగిలి మీద తొలిదశలో వున్న పుండును చిన్న ఆపరేషనుతో తీసివేయవచ్చును. కత్తికి వయస్సుతో పెద్ద పట్టింపు లేదు. గుండె, ఊపిరితిత్తులు తట్టుకోగలవా అన్నదే డాక్టరు చూస్తాడు. ఆలస్యమైన పుండు ఎముకను తొలిచి ముక్కులోనికి దారి చేస్తుంది. తిన్నది, త్రాగినది ముక్కులో నుండి వస్తుంది. ఆ అవస్థ చూసినవారు "వున్నన్నాళ్ళు వుంటుంది" అనలేరు.

ఇందాక చెప్పిన "నీకు పని లేదు, పో" అనే గుర్తు సంగతి. ఆ గుర్తును అడ్డుకుని పరీక్షకుడి చేతిని విడిపించే మందులు వచ్చాయి. ఈ దారి కనిపెట్టినందుకు అమెరికాకు చెందిన జేమ్స్ ఆలిసన్‌కు, జపానుకు చెందిన తసుకు హోంజోకు 2018లో నోబెలు బహుమతి ఇచ్చారు. కావలి బలహీనపడిన ముసలివారిలో ఇవి పనిచేయవని మొదట అనుకున్నారు. చాలా కాన్సర్లలో అరవై అయిదు దాటినవారికి కూడా చిన్న వయస్సువారికి వలెనే మేలు చేస్తున్నాయని తరువాత తేలింది. అంటే ముసలివారిలో కావలి చచ్చిపోలేదు, చేతులు కట్టివేయబడి వున్నది.

ఈ మందుల ధర మాత్రం సామాన్యులకు అందేది కాదు. బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు ఈ చిక్కుకు ఒక దారి వెదికారు. ఆపరేషనుతో నయం చేయలేని దశకు చేరిన తల, మెడ, నోటి కాన్సరు రోగులకు, మామూలుగా ఇచ్చే మోతాదులో పదో వంతుకు లోపు, అంటే 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను, నోటితో మ్రింగే చవక మందులతో కలిపి ఇచ్చి చూశారు. మ్రింగే మందులు మాత్రమే తీసుకున్న వారిలో ఏడాది తరువాత నూటికి 16.3 మంది బ్రతికి వుంటే, ఈ చిన్న మోతాదు కలిపిన వారిలో 43.4 మంది బ్రతికి వున్నారు. ఈ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఆ చవక మందులలో ఒకటైన మెథోట్రెక్సేట్, మన భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనశాల నుండి వచ్చిందేనని గుర్తుచేయడం మాకు సంతోషం. ఇది రోగం పూర్తిగా నయమయ్యే వైద్యం కాదు, ఆయుష్షు పెంచే వైద్యం. ఈ అవసరం రాకముందే పుండును పట్టడం మేలు.

ఇంట్లో చూడవలసినవి

పొగ మానడానికి వయస్సు మించిపోవడమంటూ లేదు. శ్రీకాకుళం జిల్లాలోను, కేరళ ఎర్నాకుళం జిల్లాలోను, గుజరాత్ భావనగర్ జిల్లాలోను సుమారు 36 వేల మంది పొగాకు వాడేవారిని కలుసుకుని, నచ్చజెప్పి, ఏటా నోళ్ళు పరీక్షించిన పథకం ఫలితాలు 1986లో ప్రచురితమైనాయి. చెప్పడం వల్ల మానేవారు పెరిగారు, కాన్సరుకు ముందు వచ్చే మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. అడ్డపొగ మానితే అంగిలి మీది మార్పులు చాలామందిలో వెనక్కు తగ్గుతాయి. ఒక్కసారిగా మానలేని మామ్మను తిట్టి ప్రయోజనం లేదు. ఏళ్ళ తరబడి వున్న అలవాటు. ఎవరు చెబితే వింటుందో వారి చేత చెప్పించండి. మా అనుభవంలో కొడుకు మాట కంటె మనవరాలి మాటకు విలువ ఎక్కువ.

ఇక నోరు చూడడం. నెలకొకసారి పగటి వెలుతురులో మామ్మను కూర్చోబెట్టి, కట్టుడు పళ్ళుంటే తీయించి, తల వెనక్కు వాల్చి, టార్చిలైటు వేసి అంగిలి చూడండి. ఆరోగ్యమైన అంగిలి గులాబి రంగులో వుంటుంది. అడ్డపొగవారిలో అది తెల్లగా, మందంగా మారి, మధ్య మధ్య ఎర్రని చుక్కలు కనిపించవచ్చును. అది హెచ్చరిక. తెలుపులో ఎర్రని మచ్చ విడిగా కనిపించినా, చేతికి గట్టిగా తగిలినా, నెత్తురు కారినా, రెండు మూడు వారాలైనా మానని పుండు వున్నా ఆలస్యం చేయవద్దు. నొప్పి లేదని ఊరుకోవద్దు. తొలిదశ కాన్సరుకు నొప్పి వుండదు. ముసలివారి ఒంటిలో కావలి కేకలు కూడా మెల్లగానే వేస్తుంది, జ్వరం, వాపు పెద్దగా కనిపించకపోవచ్చును. "వయస్సు కదా, వేడి చేసింది" అని పొడులు, లేపనాలు పూసి నెలలు గడపడం చాలా ఇళ్ళలో జరుగుతున్నది.

పాలు త్రాగితే కాన్సరు రాదని ఎవరైనా చెబితే నమ్మవద్దని మనవి. పాలు అమ్ముకునే మేమే ఈ మాట చెబుతున్నాము. అటువంటి రుజువు లేదు. అయితే తిండి తగ్గిన ముసలివారిలో మాంసకృత్తుల లోటు వల్ల కావలి మరింత సడలుతుంది. ఆ లోటును పాలు, పెరుగు, పప్పు, గుడ్డు తీరుస్తాయి. వచ్చిన పాలన్నీ కేంద్రానికి పోసి ఇంట్లో పెద్దవాళ్ళకు నీళ్ళ మజ్జిగతో సరిపెట్టే ఇళ్ళు మాకు తెలుసు. ఒక గ్లాసు మిగల్చండి, కాచిన పాలు. పచ్చిపాలు ముసలివారికి మంచిది కాదు. నడక, నిద్ర, చక్కెర జబ్బు అదుపులో వుండడం కూడా కావలికి బలమే. నిరోధక శక్తి పెంచుతామని డబ్బాలలో అమ్మే పొడులకు పెట్టే డబ్బును దారి ఖర్చులకు దాచుకుంటే ఎక్కువ ఉపయోగం.

ముప్ఫయి ఏళ్ళు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు కాన్సర్ల పరీక్షలు చేయడం ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో భాగం. ముందుగా మీ వూరి ఆశా కార్యకర్తనో, ఎ.ఎన్.ఎం.నో అడగండి. అనుమానమైతే విశాఖలో కింగ్ జార్జి ఆస్పత్రి వున్నది. ఉక్కు కర్మాగారం దాపున అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటరుకు చెందిన హోమీ భాభా కాన్సరు ఆస్పత్రి వున్నది. పోయేటప్పుడు ఆధారు కార్డు, బియ్యం కార్డు, పాత చీటీలు ఏవైనా వుంటే అవి తీసుకుపోండి. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై 2024లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా పేరు మారిన పథకం కింద వైద్యం అందుతుందేమో ఆస్పత్రిలోని సహాయ కేంద్రంలో ముందే కనుక్కోండి. పుండు నుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతామంటే ఒప్పుకోండి. ముక్క తీస్తే రోగం పాకుతుందనే మాట నిజం కాదు. ఒక పూటలో పని కాదు గనుక, ఆ రోజు సాయంత్రం పాలు పితకడానికి, కేంద్రానికి పోయడానికి పక్కింటివారికి చెప్పి బయలుదేరండి.